‘నిల్’ అని రాసి సంతకం పెట్టండి

ప్రపంచంలో అతి సురక్షితమైన ఆసుపత్రి ఏదని ఎవరైనా అడిగితే సింగపూర్ పేరు చెప్పి మన పరువు తీయకండి. నాగావళికీ వంశధారకీ మధ్య మీకు ఎదురైన మొదటి ఆసుపత్రిలోకి వెళ్లి, బీరువాలో అట్ట వేసి భద్రపరిచిన ఇన్సిడెంట్ రిజిస్టరు తెరిపించండి. జనవరి: నిల్. ఫిబ్రవరి: నిల్. మందు మారిపోవడం నిల్. రోగి మంచం మీంచి పడిపోవడం నిల్. స్టాఫ్ చేతికి వాడిన సూది గుచ్చుకోవడం నిల్. కింద సంతకం, రబ్బరు స్టాంపు. డిసెంబరు గడిలో కూడా ‘నిల్’ ముందే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దూరదృష్టి అంటే అదే.

బయటి ప్రపంచం సంగతి చూస్తే జాలేస్తుంది. వైద్యానికి వెళ్లిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికావాళ్లు 1999లో, తమ ఆసుపత్రుల్లో పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది దాకా చనిపోతున్నారని తామే లెక్క కట్టి, తామే అచ్చేసుకున్నారు. ఇంటిగుట్టు బయట పెట్టుకోవడం అక్కడివాళ్లకి అలవాటు. 2018లో లాన్సెట్ కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి మన దేశం లెక్క కూడా తీసింది. వైద్యంతో తప్పించగలిగిన మరణాలు ఏటా సుమారు 24 లక్షలట. అందులో 16 లక్షల మంది వైద్యం అందక పోలేదు, అందిన వైద్యం నాసిరకం కాబట్టి పోయారు. ఆసుపత్రి మెట్లు ఎక్కలేక పోయినవాళ్ల కంటే ఎక్కి పోయినవాళ్లు దాదాపు రెట్టింపు. కంగారు పడకండి. ఆ 16 లక్షల్లో మన రిజిస్టరు నుంచి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ ఘనత ఊరికే రాలేదు. దీని వెనక ఒక పద్ధతి ఉంది. మిగతా జిల్లాలకి ఉపయోగపడుతుందని దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందుగా కొలతలకి క్రమశిక్షణ నేర్పాలి. టీకాలుండే ఐఎల్ఆర్ (ఐస్ గోడల ఫ్రిజ్) లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి రాయాలని నియమం. చూస్తేనే కదా పేచీ. చూడకుండా రాస్తే అన్నీ నాలుగే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, స్తంభాలన్నీ నేలకొరిగి, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటిది రేపు మళ్లీ వచ్చినా, నెల మొదటి తారీఖునే ముప్పై రోజులకీ నింపేసిన చార్టులో నాలుగు డిగ్రీలు నాలుగు డిగ్రీలుగానే ఉంటాయి.

ఇక్కడ కొందరు పుస్తకాల పురుగులు అడ్డు తగులుతారు. టీకాకి వేడి ఒక్కటే శత్రువు కాదు, పెంటావాలెంట్ (ఒకే సూదిలో అయిదు టీకాలు), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), హెపటైటిస్ బి లాంటివి గడ్డకడితే పనికిరాకుండా పోతాయి అంటారు. వయల్ మీద వీవీఎం చదరం, అంటే వేడి తగిలితే రంగు మారే గుర్తు, వేడినే చూపిస్తుంది, గడ్డకట్టి కరిగిన సంగతి దానికి తెలియదు అంటారు. నిజమే. అందుకే షేక్ టెస్ట్ పెట్టారు. అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్నదాన్నీ దాన్నీ కలిపి ఊపి, పక్కపక్కన పెట్టి అడుగున మడ్డి ఏది ముందు దిగుతుందో చూడాలి. అనుమానపుది కూడా అంతే తొందరగా దిగితే పారెయ్యాలి. పారేస్తే స్టాకు తగ్గుతుంది, స్టాకు తగ్గితే సంజాయిషీ ఇవ్వాలి. ఎవరికండీ ఇదంతా? ఎండలు ముదురుతున్నాయి కదా, ఎందుకైనా మంచిదని థర్మోస్టాట్ చల్లదనం వైపు చివరిదాకా తిప్పేసి ఇంటికి వెళ్లడం సులువు.

మనుషుల కొలతలకీ ఇదే సూత్రం. నాడి 72, జ్వరం 98.6, శ్వాస 20, బీపీ 120/80. కాళ్లు వాచి, కళ్లు మసకలు కమ్మి, తల పగిలిపోతోందంటున్న తొమ్మిదో నెల గర్భిణికీ అంతే. ఆమెకి నిజంగా కఫ్ కడితే 160/110 రావచ్చు. అప్పుడు మూత్రంలో ప్రొటీన్ చూడాలి, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ తియ్యాలి. ఒక్కో ఆంప్యూల్లో రెండు ఎంఎల్, అంటే ఒక గ్రాము. పిర్ర కండలో ఇటు అయిదు గ్రాములు, అటు అయిదు గ్రాములు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. అంటే మొత్తం పది ఆంప్యూళ్లు. ట్రేలో చూస్తే మూడే ఉంటాయి, మిగతావి ఇండెంటులో ఉంటాయి. ఇన్ని చిక్కులు తెచ్చిపెట్టే కొలతని కొలవడం తెలివైన పని కాదు. 120/80 రాసిన మనిషికి ఫిట్స్ రావు. వస్తే అది రికార్డుకి విరుద్ధం.

రెండోది శుభ్రత. దీనికి 2015 నుంచి కేంద్రం ఇచ్చే కాయకల్ప్ శుభ్రత అవార్డులు, అంతకు ముందు నుంచీ ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా) ప్రమాణాలు ఉన్నాయి. ఎన్‌క్వాస్‌లో 70 శాతం మార్కులు వస్తే మూడేళ్ల సర్టిఫికెట్, ఆసుపత్రికి పడకకి ఏటా పది వేల చొప్పున సొమ్ము. ఢిల్లీ నుంచి అసెసర్లు వస్తున్నారంటే ఆసుపత్రంతా పైడితల్లి అమ్మవారి సిరిమానుకి విజయనగరం ముస్తాబైనట్టు ముస్తాబవుతుంది. గోడలకి రంగు, దారి చూపే బాణాలు, ఎర్ర పసుపు నీలం చెత్తబుట్టలు, పూలకుండీలు. వీటి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ విద్యలో మనవాళ్లు సిద్ధహస్తులు.

చేతులు కడిగే చోటు మాత్రం కొంచెం చెప్పుకోవాలి. సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరు అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, శుభ్రంగా చెయ్యాల్సిన పనికి ముందు, రక్తం, మూత్రం అంటే ప్రమాదం ఉన్న పని తర్వాత, రోగి మంచం, చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. ఈ అయిదూ బొమ్మలతో లామినేట్ చేయించి సింకు పైన అంటించాం. సింకులో నీళ్లు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా వస్తాయి. శానిటైజరు సీసా ఉంది, వాడితే అయిపోతుందని సూపరింటెండెంటు గది బీరువాలో ఉంది. సబ్బుబిళ్ల నీళ్లలో నాని జావలా అయింది, జాలీ ఉన్న పెట్టె కొంటే పది రూపాయలు ఎక్కువ. పక్కనే మేకుకి ఒక తువ్వాలు. పొద్దున్నుంచి చేతులు కడిగినవాళ్లందరూ దానికే తుడుచుకున్నారు కాబట్టి కడిగిందంతా తిరిగి అందరికీ సమానంగా పంచబడుతుంది. గ్లవ్స్ తొడుక్కున్నవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లు అవే గ్లవ్స్‌తో ఆరో నంబరు మంచం నుంచి పదో నంబరు మంచం దాకా వెళ్లి, ఫోను ఎత్తి, తలుపు తీసి వస్తారు. గ్లవ్స్ ఉన్నది తమ చేతులు పాడవకుండా, అంతే కదా.

బ్లీచింగ్ నీళ్ల దగ్గర మన శాస్త్రీయ దృక్పథం బాగా బయటపడుతుంది. ఒక శాతం ద్రావణం కావాలంటే, మూడో వంతు క్లోరిన్ ఉన్న మంచి పొడి లీటరు నీటికి 30 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్టు, కర్రతో కలపడం, ప్రతి షిఫ్టుకీ కొత్తగా. లోహపు బకెట్టు వద్దు. రక్తం, చీము ఎక్కువుంటే క్లోరిన్ దానితోనే ఖర్చయిపోతుంది కాబట్టి సామాను మురికిగా ఉండగానే ముంచి వదిలెయ్యకూడదు. పది నిమిషాలు చాలు, రాత్రంతా నానబెడితే కత్తెర తుప్పు పడుతుంది. ఇవన్నీ ఆచరించడానికి స్కేలు కావాలి, అది వంటగదిలో ఉంది. కాబట్టి చేత్తో ఒక గుప్పెడు. సంచీ మూతి కట్టకుండా సముద్రం గాలిలో వానాకాలమంతా ఉన్న పొడిలో క్లోరిన్ ఎంత మిగిలిందో ఆ భావనపాడు అలలకే తెలియాలి. వాసన వస్తోంది కదా, పని చేసినట్టే. వాసన రాకపోతే రెండు గుప్పెళ్లు. బకెట్టు మీద పొద్దుటి తారీఖు రాయాలన్నది నిజానికి మంచి సలహా. మార్కర్‌తో కాకుండా పెయింట్‌తో ఒకసారి రాయించేస్తే మళ్లీ మళ్లీ రాసే పని ఉండదు.

ఆటోక్లేవ్ అంతకంటే గంభీరమైన విషయం. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, గుడ్డలో చుట్టిన సామానుకి 30 నిమిషాలు. ఈ 30 నిమిషాలు స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, ఒత్తిడి ఆ గీత చేరినప్పటి నుంచి. మధ్యలో కరెంటు పోతే లెక్క మళ్లీ సున్నా నుంచి. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకపోతే ముల్లు 15 చూపిస్తుంది గాని వేడి 121కి రాదు. గాలీ ఆవిరీ కలిస్తే ఒత్తిడి ఒకటే, వేడి వేరు. ముల్లు చూసి మోసపోయేది మనం, బతికిపోయేది సూక్ష్మజీవి. డ్రమ్ము పక్క రంధ్రాలు లోపల పెట్టేటప్పుడు తెరవాలి, బయటికి తియ్యగానే మూసెయ్యాలి. మనవాళ్లు ఈ రెండూ తప్పకుండా చేస్తారు, క్రమం ఒక్కటే కొంచెం తారుమారు. గుడ్డలు, గాజుగుడ్డలు డ్రమ్ములో నాలుగింట మూడు వంతులే పెట్టాలంటారు. నాలుగో వంతు కూడా కుక్కి మూత మీద మోకాలు పెట్టి నొక్కితే ఒక రౌండు డీజిలు ఆదా. మధ్యలోకి ఆవిరి వెళ్లదు, వెళ్లనివ్వండి, చుట్టూ ఉన్నవి ఉడికాయి కదా. పైన అంటించిన టేపు మీద నల్ల చారలు వచ్చాయి కాబట్టి అంతా శుద్ధం. ఆ టేపు డ్రమ్ముకి వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, లోపలిది స్టెరైల్ అయిందని చెప్పదు, అందుకు లోపల ఇండికేటర్ స్ట్రిప్పు, వారానికోసారి స్పోర్ టెస్టు (మొండి సూక్ష్మజీవులు లోపల పెట్టి, చచ్చాయో లేదో చూడడం) ఉండాలని గిట్టనివాళ్లు అంటారు. కాన్పు కుట్లకి చీము పట్టినప్పుడు మనం ‘తల్లి బలహీనురాలు, పథ్యం చెయ్యలేదు’ అని రాస్తున్నాం కదా. కారణం దొరికాక స్పోర్ టెస్టు ఎందుకు?

ఆక్సిజన్ సంగతికి వద్దాం. బి టైపు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి అయిదు లీటర్లు పెడితే అయిదు గంటలు, పది పెడితే రెండున్నర. గేజి సగంలో ఉంటే అందులో సగం. ఈ గుణింతం పదో తరగతి పిల్లాడు చెయ్యగలడు, అందుకే మనం చెయ్యం. రణస్థలం దాటాక ట్రాఫిక్‌లో అంబులెన్సు నిలబడిపోయినప్పుడు ఎంత మిగిలిందో దానంతట అదే తెలుస్తుంది. అసలు చిక్కు గ్యాసుతో రాదు, సిలిండరు మూత తిప్పే కీతో వస్తుంది. అరచేతిలో పట్టే ఇనప ముక్క. గొలుసుతో సిలిండరు మెడకి కట్టేస్తే అయిపోతుంది. గొలుసు ఏ హెడ్డు కింద కొనాలో తేలక ఫైలు తిరుగుతోంది. ఈలోగా అర్ధరాత్రి బిడ్డ నీలంగా పుట్టినప్పుడు వినిపించే సంభాషణ ఇది: ‘కీ ఏదొలే?’ ‘ఆడి జేబులో ఉండిపోనాది సిస్టరమ్మా, ఆడి డూటీ అయిపోయి ఎల్లిపోనాడు.’

నిజానికి ఆ నిమిషంలో బిడ్డకి ముందు కావాల్సింది ఆక్సిజన్ కూడా కాదు, ఊపిరి. ఆరబెట్టి, వీపు రుద్ది, తల కొంచెం వెనక్కి పెట్టి, అప్పటికీ ఏడవకపోతే మొదటి నిమిషం లోపే బ్యాగ్, మాస్కుతో మామూలు గాలి ఊదాలి. డ్యూటీ ఎక్కగానే మాస్కుని అరచేతికి అదిమి బ్యాగు నొక్కి చూస్తే లీకుందో లేదో అయిదు సెకన్లలో తేలుతుంది. బ్యాగు కొత్తదే, అట్టపెట్టె కూడా చింపలేదు. చింపితే స్టాకు రిజిస్టరులో ‘వాడినది’ అని మార్చాలి.

చెక్‌లిస్టుల్లో మనం ప్రపంచానికి పాఠం చెప్పగల స్థితిలో ఉన్నాం. ఆపరేషన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పట్టికలో 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోసే ముందు కొన్ని, రోగి థియేటరు దాటే ముందు కొన్ని. పేరు, ఆపరేషను, ఏ పక్క, ఎలర్జీ, గాజుగుడ్డల లెక్క, అన్నీ నోటితో పైకి చదవాలి. ఎనిమిది నగరాల్లో, అందులో ఢిల్లీ ఒకటి, దీన్ని అమలు చేసి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. వాళ్లు ఆపరేషన్ జరుగుతుండగా నింపారు కాబట్టి అంతే తగ్గాయి. మనం మర్నాడు పొద్దున్న టీ తాగుతూ పది కేసులవి ఒకే పెన్నుతో నింపుతాం. అప్పటికి ఎవరు బతికారో తెలిసే ఉంటుంది కాబట్టి టిక్కు తప్పే ప్రశ్న లేదు. నొప్పులు ఎలా సాగుతున్నాయో గంటగంటకీ గీసే పార్టోగ్రాఫ్ కూడా అంతే. కాన్పు అయ్యాక వెనక్కి గీస్తే గీత ఎప్పుడూ అలర్ట్ లైను, అంటే ఆలస్యమవుతోందని హెచ్చరించే గీత, దాటదు, ఎంత చక్కగా ఏటవాలుగా పోతుందో చూడముచ్చటగా ఉంటుంది.

ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పు చెక్‌లిస్టు మీద పెద్ద పరిశోధన చేశారు. సగం చోట్ల కోచ్‌లని పెట్టి నేర్పించారు. నర్సులు మంచి పనులు ఎక్కువ చేశారు గాని తల్లీబిడ్డల మరణాల్లో తేడా రాలేదని 2017లో తేలింది. చెక్‌లిస్టు ఒక్కటే చాలదు, మందూ, చేతి నైపుణ్యమూ, పంపించడానికి ఒక పెద్దాసుపత్రీ కూడా కావాలని వివేకవంతులు అర్థం చేసుకున్నారు. మనం అర్థం చేసుకున్నది ఏమిటంటే, పని చేసినా తేడా రానప్పుడు టిక్కుతో సరిపెట్టుకోవడమే పొదుపు.

రోగులకీ ఇందులో వాటా ఉంది, వాళ్లని వదిలేస్తే అన్యాయం. ‘డాక్టరు బాబూ, సూదీ ఎయ్యకుండా పంపిస్తే ఎలగ?’ అన్నది మన ప్రాంతపు నాణ్యతా ప్రమాణం. అరలీటరు సెలైన్‌లో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అరలీటరు గ్లూకోజులో 25 గ్రాముల చక్కెర. ఇవి తాగగలిగిన మనిషికి నరంలోంచి ఎక్కిస్తే బలం వస్తుందన్న నమ్మకం మీద ఎన్నో మేడలు లేచాయి. నొప్పికి డైక్లోఫెనాక్ సూది సరేసరి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. కాని పాడవుతున్న కిడ్నీకి నొప్పి మాత్రలు, నొప్పి సూదులు విషమని మాత్రం తేలింది. అందుకని అక్కడ నడుం నొప్పికి ఊళ్లో ఒక సూది, కాళ్ల పీకులకి ఇంకో సూది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం ‘వచ్చేసారి’.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలున్నాయి. మంచిదే. అయితే డయాలసిస్‌లో రోగి రక్తానికి పలుచటి పొర అవతల నిమిషానికి అరలీటరు నీళ్లు పారతాయి. నాలుగు గంటలకి 120 లీటర్లు. ఆ నీళ్లలో క్లోరిన్ మిగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. క్లోరమిన్ (క్లోరిన్, అమోనియా కలిస్తే వచ్చేది) అయితే నీళ్లు వడకట్టే ఆర్‌వో పొరని కూడా దాటిపోతుంది, పట్టుకునేది కార్బన్ ట్యాంకు ఒక్కటే. అది ఎప్పుడు నిండిపోయిందో చెప్పేది, ప్రతి షిఫ్టు ముందూ చేసే రెండు నిమిషాల క్లోరిన్ పరీక్ష. లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. వరదలొచ్చి మునిసిపాలిటీవాళ్లు నీళ్లలో మందు ఎక్కువ కలిపిన రోజున ఈ పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. ఏ కేంద్రంలోనైనా ఈ చార్టు అడిగి చూడండి. ప్రతి గడిలో 0.0 ఉంటే, నీళ్లు బాగున్నాయో పెన్ను బాగుందో మీరే నిర్ణయించుకోండి.

అసెసర్లు మార్కులేసే దారులు నాలుగు: కంటితో చూడడం, స్టాఫ్‌ని అడగడం, రికార్డు తిరగెయ్యడం, రోగిని అడగడం. మొదటి మూడింటికీ మన దగ్గర మందుంది. నాలుగోదే గండం. కాబట్టి అవాళ వార్డులో ఎవరుండాలో ముందే చూసుకోవాలి. మాటకారి మామ్మల్ని ముందురోజే డిశ్చార్జి చెయ్యండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నిల్‌ని నిల్‌గా కాపాడుకోవడం. లేబర్ రూము ఫ్రిజ్‌లో ఆక్సిటోసిన్, మెథర్జిన్ ఒకే ట్రేలో ఉంటాయి. రెండూ ఒక ఎంఎల్ బుల్లి ఆంప్యూళ్లు, చిన్న అక్షరాలు, ట్యూబులైటు వెలుతురు. ఆక్సిటోసిన్ పది యూనిట్లు కాన్పయిన నిమిషంలోపు తల్లికి ఇవ్వాలి, రక్తస్రావం ఆపడానికి. అదే చేత్తో పొరపాటున మెథర్జిన్ తీసి బీపీ ఉన్న తల్లికి ఇస్తే బీపీ తారాజువ్వలా లేస్తుంది, మెదడులో నరం చిట్లవచ్చు. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్న సిస్టరు సిరంజిలోకి లాగాక చూసుకుని ఆగిపోయిందనుకోండి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇలాంటిది ఆసుపత్రికి దొరికే నిధి. ఉచితంగా వచ్చిన హెచ్చరిక. రెండు డబ్బాలు, ఒకదానికి ఎర్ర స్టిక్కరు, వేరు వేరు అరలు, పైకి చదివి ఇంకొకరికి చూపించి ఇవ్వడం. ఖర్చు వంద రూపాయల లోపు. ఆమె అలాగే అనుకుని ఆ రాత్రే రిజిస్టరులో వివరంగా రాసింది.

మూడో రోజున మెమో వచ్చింది. విధి నిర్వహణలో అలసత్వం వహించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెను. క్వాలిటీ కమిటీ కూర్చుని, ట్రే విషయం ఎజెండాలో లేదు కాబట్టి, ఆ పేజీ కాస్తా చింపడానికి వీలుందా అని చర్చించింది. పేజీలకి నంబర్లున్నాయి, వీలు లేదని తేలింది. సిస్టరు ఏడుస్తూ జవాబు రాసింది. ‘ఇకపై ఇలాంటివి జరగవు’ అని రాయబోయి, కంగారులో ‘ఇకపై ఇలాంటివి రాయను’ అని రాసేసింది. పై అధికారి పూర్తిగా చదివి, ‘సంజాయిషీ సంతృప్తికరం’ అని కింద సంతకం పెట్టారు.